పరాన్నజీవి, ఆతిథేయి, వాతాపి: తెలుగు విజ్ఞానవచనంలో రూపకాల ఔచిత్యం

వ్యాససంగ్రహం:

పరాన్నజీవులు తమ ఉపరితలంపై ఉండే అణువుల సాయంతో ఆతిథేయి రోగనిరోధక కణాల్లోకి ఎలా చేరతాయన్నది ఆధునిక జీవశాస్త్రంలో ముఖ్యమైన ప్రశ్న. ఈ విషయాన్ని తెలుగులో చెప్పబూనినప్పుడు యుద్ధరూపకం దాదాపు అప్రయత్నంగా వచ్చి చేరుతుంది. లీష్మానియా, థైలేరియా అనే రెండు పరాన్నజీవుల ప్రవేశక్రమాన్ని ఆధారంగా తీసుకుని, ఆ రూపకం ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ విషయాన్ని తారుమారు చేస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అలంకారశాస్త్రంలోని రూపక, పరిణామాల భేదాన్ని విజ్ఞానవచన విమర్శకు ప్రమాణంగా ప్రతిపాదిస్తుంది. కర్నూలు, కడప ప్రాంతాల వ్యవసాయ, పశుపోషక వాడుకలోనూ తెలుగువారి కథాసంప్రదాయంలోనూ ఉన్న ప్రత్యామ్నాయాలను, వాటి పరిమితులతో సహా చర్చిస్తుంది.

కీలకపదాలు: విజ్ఞానవచనం, పరిభాష, రూపకం, పరిణామాలంకారం, పరాన్నజీవి, ఆతిథేయి, రోగనిరోధకత, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్యవిమర్శ కావ్యాన్ని, కథను, నవలను, వ్యాసాన్ని తన క్షేత్రంగా భావించింది. విజ్ఞానవచనాన్ని మాత్రం పరిభాషా సంఘాలకు, పాఠ్యపుస్తక రచయితలకు విడిచిపెట్టింది. 1906లో ఆరంభమైన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చరిత్ర, జీవితచరిత్రలతో పాటు ప్రకృతిశాస్త్రాలనూ తెలుగు వచనంలోకి తెచ్చింది. ఆచంట లక్ష్మీపతి వంటి వైద్యులు అంటువ్యాధుల గురించి సామాన్యపాఠకుల కోసం తెలుగులో రాశారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయుల్లో శాస్త్రగ్రంథాలను, పరిభాషా నిఘంటువులను ప్రచురించింది. శతాబ్దానికి పైబడిన ఈ వచనాన్ని మనం పదసంపద దృష్టితో చూశామే తప్ప, అలంకారదృష్టితో చూసినది తక్కువ.

ఈ లోపం ఇప్పుడు మరింత స్పష్టంగా కనిపించవలసిన సమయం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులను ఆంగ్లమాధ్యమంలోకి మార్చడంతో తెలుగు విజ్ఞానవచనం తన ప్రధానమైన తరగతిగదిని పోగొట్టుకుంది. అయినా దాని అవసరం తీరిపోలేదు. ఇంటర్మీడియట్ వరకు తెలుగులో ప్లాస్మోడియం జీవితచక్రాన్ని చదివిన విద్యార్థికి, పాడిపశువుకు జ్వరమొస్తే పశువైద్యుణ్ణి కారణమడిగే రైతుకు, టీకా వేయించుకోవాలా వద్దా అని ఆలోచించే తల్లికి విజ్ఞానం తెలుగులోనే అందాలి. తరగతిగదిలో గురువు సరిదిద్దే అవకాశం లేనప్పుడు వచనంలోని రూపకమే గురువవుతుంది. కాబట్టి ఆ రూపకం సరైనదా కాదా అన్నది కేవలం శైలికి చెందిన ప్రశ్న కాదు.

ఈ వ్యాసం ఒక్క ప్రశ్నకే పరిమితమవుతుంది: పరాన్నజీవి రోగనిరోధక కణంలోకి చేరే సన్నివేశాన్ని తెలుగు ఏ పదాలతో, ఏ చిత్రంతో చెబుతోంది? ఆ చిత్రం విషయానికి ఎంతవరకు న్యాయం చేస్తోంది?

2. పరిభాషలో దాగిన చిత్రాలు

పరిభాషాపదం అభిధామాత్రంగా ఉండాలని శాస్త్రవేత్తలు కోరుకుంటారు. కాని చాలా పరిభాషాపదాలు లక్షణావృత్తిలో పుట్టి, వాడుకలో రూఢమైనవే. ఈ చర్చకు అవసరమైన నాలుగు పదాలను పరిశీలిద్దాం.

2.1 పరాన్నజీవి: పర, అన్న, జీవి అనే మూడు అవయవాలున్న ఈ పదం 'పంకజం' వలె యోగరూఢం. గ్రీకు మూలమైన 'పారసీటోస్' అంటే అన్నం దగ్గర పక్కన చేరినవాడు, ఇతరుల పంక్తిలో తినేవాడు అని అర్థం. తెలుగుపదం ఆ అర్థానికి ఆశ్చర్యపడేంత దగ్గరగా ఉంది. అయితే మన నీతిసంప్రదాయంలో పరాన్నం తినడం న్యూనత. అందువల్ల పదంలోనే ఒక నింద చేరింది. దీనితో పోల్చదగిన దేశ్యపదం 'బదనిక'. చెట్టుకొమ్మపై మొలిచి ఆ చెట్టు రసంతోనే బతికే మొక్కను తెలుగువారు ఎప్పటినుంచో ఆ పేరుతో పిలుస్తున్నారు. చింత బదనిక, వేప బదనిక అంటూ ఆశ్రయమిచ్చిన చెట్టు పేరును కలిపి చెబుతారు. ఇందులో నింద లేదు. నాటువైద్యంలో దానికి విలువ కూడా ఉంది. పొగాకు వేరునంటి బతికే మొక్కను రైతులు 'మల్లె' అనీ 'బోడు' అనీ అంటారు. అంటే పరాశ్రయ జీవనాన్ని గుర్తించడానికి, ఆశ్రయాన్ని బట్టి వర్గీకరించడానికి తెలుగుకు సొంత పద్ధతి ఉంది. జంతుశాస్త్ర పరిభాష ఆ పద్ధతిని వినియోగించుకోలేదు.

2.2 ఆతిథేయి: 'అతిథేయి' అనీ 'ఆతిథేయి' అనీ రెండు విధాలుగా కనిపిస్తున్న ఈ పదం ఆతిథ్యమిచ్చే జీవిని సూచిస్తుంది. సంస్కృతంలో 'ఆతిథేయ' శబ్దానికి ఇది స్త్రీలింగ రూపం. పరాన్నజీవి, ఆతిథేయి అన్న జంట పదాలు భోజనపంక్తికి చెందినవి. అంటే పరిభాషాస్థాయిలో తెలుగు ఎంచుకున్న మూలరూపకం విందు. వివరణ మొదలుకాగానే వచనం ఈ విందును వదిలి యుద్ధభూమిలోకి వెళ్ళిపోతుంది. ఒకే వాక్యంలో 'ఆతిథేయిపై దాడి' అన్న ప్రయోగం వచ్చినప్పుడు రెండు రూపకాలు ఒకదాన్నొకటి ఖండించుకుంటున్నాయని మనం గమనించడం మానేశాం.

2.3 అణువు, కణం: పరమాణువుల కూడికను 'అణువు' అనడం పాఠ్యపుస్తకాల సంప్రదాయం. కాని 'అణుబాంబు', 'అణుశక్తి' అన్న వాడుకలో అణువంటే పరమాణువే. 'కణం' భౌతికశాస్త్రంలో ఒకటి, జీవశాస్త్రంలో మరొకటి. 'కణం ఉపరితలంపై ఉన్న అణువు' అన్న పదబంధం చదివిన సామాన్యపాఠకుడికి ఏ చిత్రమూ ఏర్పడకపోవడానికి కారణం విషయకాఠిన్యం ఒక్కటే కాదు. పైపూత, పైతొడుగు, పొలుసు వంటి మాటలతో ఒక వాక్యం ముందుగా చెప్పి, ఆ తర్వాత పరిభాషను ప్రవేశపెడితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

2.4 రోగనిరోధకశక్తి: పాశ్చాత్య భాషల్లో ఈ భావానికి వాడే 'ఇమ్యూనిటీ' అన్న మాటకు మూలం లాటిన్ 'ఇమ్యూనిటాస్'. పన్ను నుంచి, ప్రజాబాధ్యత నుంచి మినహాయింపు అని దాని అర్థం. మన పల్లెల్లో పన్ను లేని భూమిని 'మాన్యం' అన్నట్లు, వ్యాధి వసూలు చేయలేని స్థితి అన్నమాట. ఈ మూలరూపకం ఒక సంబంధాన్ని చెబుతుంది. తెలుగులో ఇది 'శక్తి' అయింది. శక్తి అనగానే ఎక్కువ, తక్కువ అన్న కొలత వస్తుంది. పెంచుకోవచ్చన్న ఆశ వస్తుంది. 2020-21 కోవిడ్ కాలంలో నిరోధకశక్తిని 'పెంచే' పొడులు, కషాయాలు అంత సులభంగా అమ్ముడుపోవడానికి ఈ పదనిర్మాణం కూడా తోడ్పడిందనడం అతిశయోక్తి కాదు.

3. యుద్ధరూపకం: బలాలు, బలహీనతలు

వ్యాధిని యుద్ధంగా చూడడంలోని ప్రమాదాన్ని సూసన్ సోంటాగ్ 1978లో క్షయ, క్యాన్సర్‌ల విషయంలో చర్చించారు. రూపకం కేవలం అలంకారం కాదనీ, అది ఆలోచనకు చట్రమనీ 1980లో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ ప్రతిపాదించారు. ఈ రెండు గ్రంథాల చర్చ తెలుగు సాహిత్యవిమర్శకు పరిచితమే. కాని మన విజ్ఞానవచనానికి వాటిని అన్వయించిన సందర్భాలు అరుదు.

యుద్ధరూపకానికి బలం లేకపోలేదు. గండికోట, సిద్ధవటం, కర్నూలు కొండారెడ్డి బురుజు చూస్తూ పెరిగిన విద్యార్థికి కోట, కాపలా, శత్రువు అన్న చిత్రం తేలికగా అందుతుంది. మలేరియా పరాన్నజీవి ఎర్రరక్తకణంలోకి ప్రవేశించే తీరుకు ఇది కొంతవరకు సరిపోతుంది కూడా. ఎర్రరక్తకణం దేన్నీ మింగదు. పరాన్నజీవి తన ఉపరితల ప్రోటీన్లతో దానికి అతుక్కుని, తనలోని కండర ప్రోటీన్ల వంటి యంత్రాంగంతో తోసుకుని లోపలికి పోతుంది. దీన్ని చొరబాటు అనడంలో అనౌచిత్యం లేదు.

చిక్కు రోగనిరోధక కణాల దగ్గర వస్తుంది. యుద్ధరూపకం మూడు విషయాలను చెప్పకుండానే ఒప్పిస్తుంది. ఒకటి, శత్రువు బయట, రక్షకుడు లోపల. రెండు, ప్రవేశం బలప్రయోగంతో జరుగుతుంది. మూడు, బలవంతుడైన రక్షకుడు గెలుస్తాడు. పరాన్నజీవి రక్షకకణాన్నే ఇల్లు చేసుకున్నప్పుడు ఈ మూడూ తప్పుతాయి.

ఇక్కడ పరిభాషాచరిత్రలో ఒక విశేషం గమనార్హం. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికాఫ్ నక్షత్రచేప డింభకాల్లో ముల్లు గుచ్చి, దాని చుట్టూ కణాలు మూగడం చూశాడు. ఆ పరిశోధనామార్గమే ఆయనకు 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమతి తెచ్చింది. ఆ కణాలకు స్థిరపడిన పేరుకు అర్థం 'తినే కణం'. తెలుగులో 'భక్షకకణం' దానికి చక్కని సమానార్థకం. పేరులోనే భోజనక్రియ ఉంది. మెచ్నికాఫ్ కూడా పోరాటభాష వాడినప్పటికీ, ఆయన చూసిన ప్రధానక్రియ తినడమే. మన వివరణలు ఆ క్రియను మరచి భక్షకకణాన్ని సిపాయిగా మార్చాయి.

4. లీష్మానియా: మింగబడి బతికేది

4.1 నేపథ్యం: కాలా అజార్ రాయలసీమలో నెలకొన్న వ్యాధి కాదు, బీహార్, జార్ఖండ్, పశ్చిమబెంగాల్, ఉత్తరప్రదేశ్‌లు దాని ప్రధాన స్థానాలు. అయినా దాని చరిత్రలో తెలుగువారికి పరిచితమైన ఒక నగరం ఉంది. కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న కాలంలో, 1903లో, మద్రాసు ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్న ఛార్లెస్ డోనవన్ రోగుల ప్లీహంలో ఈ సూక్ష్మజీవులను గుర్తించాడు. అదే సంవత్సరం విలియం లీష్మన్ డమ్‌డమ్ నుంచి వచ్చిన ఒక సైనికుడి ప్లీహంలో చూసిన వాటిని వెల్లడించాడు. ఇద్దరి పేర్లూ కలిసేలా రొనాల్డ్ రాస్ దానికి లీష్మానియా డోనవాని అని నామకరణం చేశాడు.

4.2 ప్రవేశక్రమం: ఇసుక ఈగ కుట్టినప్పుడు తోకవంటి కశాభం ఉన్న రూపంలో ఈ జీవి చర్మంలోకి చేరుతుంది. దాని ఒంటినిండా దట్టమైన పైపూత ఉంటుంది. ఆ పూతలో ప్రధానమైనది లైపోఫాస్ఫోగ్లైకాన్. ఇది చక్కెర, ఫాస్ఫేట్ ముక్కలు గొలుసుగా అల్లుకుని, కొవ్వు లంగరుతో పొరకు అతికి ఉండే అణువు. (దీన్ని పొడి అక్షరాల్లో 'ఎల్‌పీజీ' అని రాస్తే తెలుగు పాఠకుడికి వంటగ్యాసు గుర్తుకొస్తుంది కాబట్టి పూర్తిపేరే మేలు.) రెండవది జీపీ63 అనే ప్రోటీన్, ఇది ఇతర ప్రోటీన్లను కత్తిరించగల ఎంజైము.

రక్తంలో ఉండే కాంప్లిమెంట్ ప్రోటీన్లు పరాయి ఉపరితలం కనబడితే దానికి అతుక్కుంటాయి. అందులో సీ3బీ అనే ముక్క రెండు పనులు చేస్తుంది. పరాయి జీవి పొరకు రంధ్రం చేసే వరుస చర్యలకు దారి తీస్తుంది. 'ఇది తినదగినది' అని భక్షకకణానికి గుర్తుగా కూడా నిలుస్తుంది. జీపీ63 ఆ ముక్కను కత్తిరించి 'ఐసీ3బీ' అనే రూపానికి మారుస్తుంది. దీనితో రంధ్రం చేసే చర్య ఆగుతుంది. తినదగినదన్న గుర్తు మాత్రం మిగిలే ఉంటుంది. మిగలడమే కాక, స్థూలభక్షక కణంపై ఉన్న ఒక ప్రత్యేక గ్రాహకానికి అది సరిగ్గా అమరుతుంది. ఆ దారిలో మింగిన ఆహారంపై కణం తన దహనచర్యను పూర్తిస్థాయిలో ప్రయోగించదు. లోపలికి వెళ్ళిన తర్వాత లైపోఫాస్ఫోగ్లైకాన్ ఆ సంచిలో జీర్ణరసాలు కలవడాన్ని కొంత ఆలస్యం చేస్తుంది. ఆ వ్యవధిలో జీవి కశాభాన్ని కుదించుకుని, ఆమ్లంలో బతకగల గుండ్రని రూపం దాలుస్తుంది. తర్వాత జీర్ణకోశంలోనే విభజన చెందుతుంది.

4.3 రూపకపరీక్ష: ఈ క్రమంలో దాడి ఎక్కడుంది? పరాన్నజీవి కణపు తలుపు బద్దలుకొట్టలేదు. కణమే దాన్ని మింగింది. 'లీష్మానియా భక్షకకణంపై దండెత్తి ఆక్రమిస్తుంది' అన్న తరహా వాక్యంలో కర్త, కర్మలు రెండూ తారుమారయ్యాయి. ఇది వ్యాకరణంలోనే జరిగిన శాస్త్రదోషం.

తెలుగువారికి ఇంతకంటె దగ్గరి కథ ఒకటి తెలుసు. పసిబిడ్డకు పాలుపట్టి పొట్ట నిమురుతూ తల్లులు వాతాపిని జీర్ణం చేయమంటారు. భారతం అరణ్యపర్వంలోని అగస్త్యోపాఖ్యానం దీనికి మూలం. ఇల్వలుడు తన తమ్ముడైన వాతాపిని పొట్టేలుగా మార్చి, వండి, అతిథికి వడ్డిస్తాడు. తిన్న తర్వాత పేరుపెట్టి పిలుస్తాడు. వాతాపి అతిథి కడుపు చీల్చుకుని బయటికి వస్తాడు. అగస్త్యుడి దగ్గర మాత్రం ఈ మాయ సాగలేదు. ఆయన అతణ్ణి జీర్ణం చేసుకున్నాడు.

లీష్మానియా సన్నివేశంతో దీన్ని పోల్చితే పొందికలు స్పష్టం. ప్రవేశం భోజనంగా జరుగుతుంది. 'తినదగినది' అన్న రూపమే మోసానికి సాధనం. తినబడినది కడుపులో బతికి ఉంటుంది. పెరిగిన పరాన్నజీవులు కణం పగిలి బయటపడి మరో కణానికి ఆహారమవుతాయి. అన్నిటికంటె ముఖ్యం, అగస్త్యుడి పాత్రకు కూడా శాస్త్రంలో స్థానముంది. టీ కణాలు స్రవించే ఇంటర్‌ఫెరాన్ గామా వల్ల ఉత్తేజితమైన భక్షకకణం అదే జీవిని చంపి జీర్ణం చేసుకోగలదు. ఇక్కడ తేడా జీర్ణించుకునే సామర్థ్యంలో ఉంది. కండబలం ప్రశ్న కాదు.

పొందనివి కూడా చెప్పాలి. కథలో వడ్డించినవాడు ఆతిథేయి, మోసపోయినవాడు అతిథి. శాస్త్రంలో మోసపోయినది ఆతిథేయి. కథలో వాతాపి తన రూపాన్ని పూర్తిగా మార్చుకుంటాడు. ఇక్కడ పరాన్నజీవి ఆతిథేయి స్వయంగా వేసిన గుర్తును కొద్దిగా దిద్దుతుంది. కథలో కుట్ర ఉంది. ఎంజైముకు ఉద్దేశం లేదు. తరతరాల ప్రకృతివరణంలో మిగిలిన రసాయనగుణం మాత్రమే ఉంది. భక్షకకణం పొరపడడాన్ని మనం భ్రాంతిమదలంకారంగా వర్ణించవచ్చు. అయితే ఆ భ్రాంతి చూసేవాడి మనసులోది కాక అణువుల అమరికలోదని ఒక వాక్యంలో స్పష్టం చేయడం రచయిత బాధ్యత.

4.4 ఏకప్రతినాయక దోషం: యుద్ధకథకు ఒక ప్రతినాయకుడు కావాలి. అందుకే విజ్ఞానవచనం ఒక అణువును ఎంచుకుని దానికి మొత్తం నేరాన్ని అంటగడుతుంది. ప్రయోగఫలితాలు అంత సూటిగా లేవు. లీష్మానియా మేజర్ అనే జాతిలో లైపోఫాస్ఫోగ్లైకాన్ తయారీకి అవసరమైన జన్యువును తొలగిస్తే వ్యాధికారకత బాగా తగ్గింది. లీష్మానియా మెక్సికానాలో ఆ అణువు లేకపోయినా తగ్గలేదు. ఒకే కుటుంబంలోని రెండు జాతులు ఒకే పూతను రెండు విధాలుగా వాడుకుంటున్నాయి. నాయక, ప్రతినాయకుల చట్రంలో ఈ ఫలితాన్ని ఇమడ్చలేక వచనం దాన్ని వదిలేస్తుంది. రూపకం ఏ సత్యాన్ని బయటికి నెట్టివేస్తున్నదో చూడడం కూడా విమర్శ పనే.

5. థైలేరియా: రాయలసీమ ముంగిట్లోని ఉదాహరణ

5.1 ప్రాంతీయ సందర్భం: కర్నూలు, కడప ప్రాంతాల్లో వాన తప్పిన ఏడాది కుటుంబాన్ని నిలబెట్టేది గొర్రెలమంద, పాడిపశువు. మందను కొండకు తోలుకుపోయే జీవనవిధానాన్ని సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' నవల చిత్రించింది. వృత్తిజ్ఞానాన్ని ప్రాంతీయ పలుకుబడిలో మోయగల శక్తి సీమ వచనానికి ఉందని ఆ నవల రుజువు చేసింది. అదే పలుకుబడిలో పశువు ఒంటిని పట్టి రక్తం తాగే జీవికి పిడుదు, గోమారి అన్న పేర్లున్నాయి. హయలోమా జాతి పిడుదు థైలేరియా ఆన్యులేటా అనే పరాన్నజీవిని మోస్తుంది. దానివల్ల పశువుకు తీవ్రజ్వరం వస్తుంది, లింఫు గ్రంథులు వాస్తాయి, రక్తహీనత కలుగుతుంది. విదేశీజాతి, సంకరజాతి ఆవులు దీనికి ఎక్కువగా గురవుతాయి. నాటుపశువులు సాధారణంగా తట్టుకుంటాయి.

5.2 ప్రవేశక్రమం: పిడుదు లాలాజలంతో వచ్చే రూపానికి స్వయంగా కదలే శక్తి లేదు. అది తగలవలసిన తెల్లకణానికి, అంటే స్థూలభక్షక కణానికో బీ లింఫోసైటుకో, తగిలి అతుక్కుంటుంది. ఎటు తిరిగి తగిలినా ఫరవాలేదు. దాని ఉపరితల అణువులు కణపు గ్రాహకాలతో ఒకదాని తర్వాత ఒకటి జతకూడుతూ పోతాయి. జిప్పు మూసుకున్నట్టు కణపుపొర దాన్ని చుట్టి లోపలికి ఇముడ్చుకుంటుంది. ఈ దశలో ఉండే 'స్పాగ్-1' అనే ఉపరితల ప్రోటీనులో ఆతిథేయి ఎలాస్టిన్‌ను పోలిన ముక్కలున్నాయి. లోపలికి చేరిన కొద్దిసేపటికే చుట్టూ ఉన్న పొర కరిగిపోతుంది. పరాన్నజీవి కణద్రవంలో స్వేచ్ఛగా ఉండిపోతుంది. జీర్ణరసాల సంచి దాని దరికి చేరదు.

ఆ తర్వాత జరిగేది మరీ విచిత్రం. పరాన్నజీవి ప్రభావంతో ఆ తెల్లకణం క్యాన్సర్ కణం వలె ఆగకుండా విభజన చెందుతుంది. కణవిభజనలో క్రోమోసోములను పంచే సూక్ష్మనాళికలకు పరాన్నజీవి తన ఉపరితల ప్రోటీన్ల ద్వారా తగులుకుంటుంది. కణం రెండైతే అది కూడా రెండుగా పంచబడుతుంది. మందుతో పరాన్నజీవిని చంపితే కణం ఆ అపరిమిత విభజనను మానేస్తుంది. బ్యూపార్వాక్వోన్ అటువంటి మందు.

5.3 రూపకపరీక్ష: ఇక్కడ యుద్ధరూపకం శాస్త్రాన్ని వక్రీకరించడంతో ఆగదు; రైతుకు నష్టం కూడా చేస్తుంది. గ్రంథి వాచిందంటే 'సైన్యం గుమిగూడింది, పోరాడుతోంది' అని ఆ రూపకం చెబుతుంది. నిజానికి ఆ వాపులో గుణిస్తున్నవాటిలో పరాన్నజీవి చేరిన కణాలే ఎన్నో ఉంటాయి. కాబట్టి ఆ వాపు వేచిచూడవలసినది కాదు, వెంటనే వైద్యం చేయించవలసినది. బలమైన శరీరం గెలుస్తుందన్న సూత్రం ప్రకారం నిండుగా మేసి, బాగా పాలిచ్చే సంకరజాతి ఆవు బతకాలి, బక్కచిక్కిన నాటావు చావాలి. జరిగేది తరచుగా దానికి విరుద్ధం. సంకరజాతి పశువుల్లో వాపుకు, జ్వరానికి కారణమయ్యే రసాయనాలు మితిమీరి విడుదల కావడం తీవ్రతకు ఒక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. అంటే నష్టం ప్రతిస్పందన తక్కువై కాదు, హద్దు మీరి. 'బాగా మేపుతున్నాను కదా, దీనికేమవుతుంది' అనుకున్న రైతు మోసపోయేది తనకు అందిన రూపకం చేతనే.

టీకా వివరణలోనూ ఇదే సమస్య. ఈ వ్యాధికి హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ సంస్థ తయారుచేసిన 'రక్షావ్యాక్-టీ' టీకాలో పరాన్నజీవి చేరిన కణాలే ఉంటాయి. దీర్ఘకాలం ప్రయోగశాలలో పెంచడం వల్ల వాటి తీవ్రత తగ్గి ఉంటుంది. దీన్ని 'శత్రువును ఎక్కించడం' అని చెబితే రైతు వెనుకంజ వేయడం సహజం.

మరి తెలుగులో తగిన చిత్రమేది? మొదట స్ఫురించేది పరకాయప్రవేశం. శంకరుడు అమరుకరాజు దేహంలో ప్రవేశించిన కథ మనకు తెలిసినదే. ప్రవేశించినవాడు దేహాన్ని నడిపించడం, వెళ్ళిపోగానే ఆ నడక ఆగిపోవడం అన్న రెండు అంశాలూ థైలేరియాకు సరిపోతాయి. కాని పరకాయప్రవేశంలో దేహం ముందే ప్రాణం విడిచినది. ఇక్కడ కణం సజీవం. ఆ తేడా చిన్నది కాదు. రెండవది బదనిక. అది చెట్టు రసనాళాలకు తన నాళాలను కలుపుకుంటుంది. చెట్టు బతికుండగానే దానిలో భాగమైపోతుంది. థైలేరియా కణపు సూక్ష్మనాళికలకు తగులుకోవడాన్ని ఇంతకంటె దగ్గరగా చూపే దేశీయ చిత్రం లేదు. అయితే బదనిక చెట్టును అదుపు లేకుండా పెంచదు. కాబట్టి 'తగులుకోవడం' బదనికతో, 'నడిపించడం' పరకాయప్రవేశంతో చెప్పి, రెండింటి హద్దులనూ చూపడం ఉచితం.

6. రూపకం నుంచి పరిణామానికి

పై పరీక్షల్లో అనుసరించిన ప్రమాణాన్ని ఇప్పుడు స్పష్టంగా చెప్పుకోవచ్చు. రూపకంలో ఉపమానాన్ని ఉపమేయంపై ఆరోపిస్తే చాలు. పరిణామంలో ఆరోపించిన ఉపమానం ఉపమేయంగా మారి ప్రస్తుతక్రియకు ఉపయోగపడాలి. 'కనుదామరలతో చూచెను' అన్నప్పుడు తామర చూడలేదు. కన్నుగా పరిణమిస్తేనే చూపు సిద్ధిస్తుంది. కావ్యంలో రూపకానికి ఉన్న స్వేచ్ఛ విజ్ఞానవచనానికి లేదు. అక్కడ ప్రతి చిత్రమూ క్రియ దగ్గర పరీక్షకు నిలవాలి. భక్షకకణాన్ని కోట అన్నాం, సరే. లీష్మానియా విషయంలో ప్రస్తుతక్రియ మింగడం. కోట శత్రువును మింగదు. కాబట్టి ఆ రూపకం పరిణామం కాలేదు, వదిలేయాలి. భక్షకకణాన్ని వాతాపిని తిన్న కడుపు అన్నాం. మింగడం, జీర్ణించడం, జీర్ణించలేకపోవడం అనే మూడు క్రియలూ సిద్ధించాయి. కాబట్టి దాన్ని ఉంచుకోవచ్చు.

ఈ ప్రమాణం నామవాచకాల కంటె క్రియాపదాలపై దృష్టి పెట్టమంటుంది. మన పరిభాషాకృషి దాదాపుగా నామవాచకాల కృషి. ప్రవేశక్రియకు మాత్రం 'ఆక్రమణ', 'దాడి' అన్న రెండు మాటలే అన్నిచోట్లా తిరుగుతున్నాయి. తెలుగు క్రియాసంపద ఇంతకంటె ఎంతో పెద్దది. తనంతట తాను తోసుకుపోయే ప్లాస్మోడియానికి 'చొరబడు', కణమే తినే లీష్మానియాకు 'మింగబడు', కదలకుండా పొరలో చుట్టుకుపోయే థైలేరియాకు 'ఇముడు' అన్న క్రియలను ప్రత్యేకించి వాడితే ఒక్క మాటలోనే మూడు యంత్రాంగాల భేదం తెలుస్తుంది. ఇవి కొత్తగా కల్పించిన పదాలు కావు, ఇంటింటా ఉన్నవే.

రెండు ఆక్షేపణలకు సమాధానం అవసరం. మొదటిది: శాస్త్రానికి పురాణకథ తగునా? తగని సందర్భాలు చాలా ఉన్నాయి. పురాణంలో ఆధునికవిజ్ఞానం ముందే ఉందని చెప్పడానికి ఈ పోలిక ఉపయోగపడకూడదు. వాతాపి కథ కాంప్లిమెంట్ ప్రోటీన్లను చెప్పలేదు, చెప్పజాలదు. అది పాఠకుడి మనసులో ఇప్పటికే ఉన్న ఒక క్రియాక్రమాన్ని అరువిస్తుంది, అంతే. రెండవది: అందరికీ ఆ కథ తెలుసా? కర్నూలు, కడప తరగతిగదుల్లో ఉర్దూ ఇంటిభాషగా ఉన్న విద్యార్థులు గణనీయంగా ఉంటారు. పురాణపరిచయం అందరికీ సమానమని భావించడం అనుచితం. అందువల్ల కథను సూచనమాత్రంగా వదలక నాలుగు వాక్యాల్లో చెప్పడం, లేదా బదనిక వంటి పొలంగట్టు దృశ్యాన్ని ఎంచుకోవడం మేలు. చింతచెట్టు మీది బదనికను చూడడానికి ఏ మతమూ అడ్డు రాదు.

7. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. పరాన్నజీవి, ఆతిథేయి, భక్షకకణం అన్న తెలుగు పరిభాషాపదాల మూలచిత్రం భోజనపంక్తి. వివరణవచనం దాన్ని విడిచి యుద్ధచిత్రాన్ని చేపట్టడం వల్ల పదానికి, వాక్యానికి మధ్య వైరుధ్యం ఏర్పడింది.

2. యుద్ధరూపకం చొరబడే పరాన్నజీవులకు కొంత సరిపోతుంది. రోగనిరోధక కణాల్లో నివసించే లీష్మానియా, థైలేరియాల విషయంలో కర్తృకర్మలను తారుమారు చేస్తుంది.

3. ఉపరితల అణువులు చేసే పని గుర్తును దిద్దడం, జతకూడడం, తగులుకోవడం. వీటిని ఆయుధాలుగా చిత్రించడం వల్ల అసలు యంత్రాంగం మరుగునపడుతుంది.

4. విజ్ఞానవచనంలోని పోలిక పరిణామాలంకార లక్షణాన్ని తృప్తిపరచాలి. క్రియ దగ్గర నిలవని చిత్రాన్ని విడిచిపెట్టాలి.

5. చొరబడు, మింగబడు, ఇముడు వంటి క్రియలను విచక్షణతో వాడడం కొత్త నామవాచకాలను కల్పించడం కంటె ఎక్కువ ప్రయోజనకరం.

సీమలోని విశ్వవిద్యాలయాల తెలుగుశాఖలకు, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల వంటి శాస్త్రసంస్థలకు మధ్య దూరం బస్సుప్రయాణంలో కొన్ని గంటలే. పిడుదు గురించి రైతుకు ఇచ్చే కరపత్రాన్ని పశువైద్యుడు రాస్తాడు. దానిలోని క్రియాపదం సరైనదో కాదో చెప్పగలవాడు తెలుగు పరిశోధకుడు. ఆ కరపత్రం కూడా సాహిత్యవిమర్శకు తగిన పాఠమేనని అంగీకరించిననాడు, గ్రంథి వాచిన ఆవును చూసి రైతు మరునాటిదాకా ఆగకుండా ఆ పూటే వైద్యుడి దగ్గరికి పోవడంలో మన శాస్త్రానికీ కొంత పాత్ర ఉంటుంది.